‘ఒక్క గీత కూడా లేదు’ అని అమ్మిన బండి, లోపల చూస్తే ముందు భాగమంతా దెబ్బ తిన్నాక మళ్లీ కట్టిన బండి. ఇప్పుడేం చెయ్యాలి?

నీలిబండి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి, రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

ఏడు వారాల కిందట ఒక డీలర్ దగ్గర నాలుగేళ్ల కారు కొన్నాను. ఒకే ఓనరు, నాన్ యాక్సిడెంట్ అని ప్రకటనలోనే రాసి ఉంది. ఆ ప్రకటన ఒక్కటే నమ్మి వెళ్లలేదు. చూసిన రోజు ఒకసారి, డబ్బు కట్టే రోజు ఇంకోసారి నోరు విడిచి అడిగాను, ఎక్కడైనా దెబ్బ తగిలిందా, ఏదైనా పార్టు మార్చారా అని. సేల్స్ అతను బానెట్ మీద చెయ్యి వేసి “ఒక్క గీత కూడా లేదు సార్, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది” అన్నాడు. పైగా ముందు రెండు టైర్లూ కొత్తవి వేసి ఇస్తున్నామని గొప్పగా చెప్పాడు. నాకూ సంతోషమే అనిపించింది.

మొదటి వారం నుంచే స్టీరింగ్ కొద్దిగా ఎడమకి లాగుతోంది. గాలి తేడా అనుకుని గాలి పట్టించాను, రోడ్డు వాలు అనుకుని ఊరుకున్నాను. మొన్న ఆదివారం అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన రెండుసార్లు మెషిన్ మీద పెట్టి చూసి, ఎడమ ముందు చక్రానికి క్యాంబర్ రావడం లేదు బాబూ అన్నాడు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, అది ఉండాల్సిన లెక్కకి రావడం లేదట. నా చెయ్యి పట్టుకుని టైరు లోపలి అంచు మీద పెట్టించాడు. బయటివైపు గాడులు కొత్తగానే ఉన్నాయి, లోపలివైపు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. ఏడు వారాల టైరు అది.

తర్వాత ఆయనే బానెట్ ఎత్తి టార్చి వేసి చూపించాడు. ఎడమ ఫెండర్‌ని (ముందు చక్రం మీద బయటికి కనిపించే రేకు) పట్టి ఉంచే బోల్టుల మూలలన్నీ రంగు రాలి ఇనుము కనిపిస్తోంది, కుడివైపు బోల్టులు మాత్రం బాడీ రంగుతో కలిసిపోయి ఉన్నాయి. ఏప్రన్ (బానెట్ కింద, చక్రానికి లోపలివైపు ఉండే రేకు గోడ) అతుకు దగ్గర సీలెంట్, అంటే అతుకు మూసే పూత, కుడివైపు సన్నగా, గీత గీసినట్టు ఉంటే, ఎడమవైపు ముద్దగా పూసి ఉంది. ఆ ముద్ద మీద ఎవరిదో వేలిముద్ర. గీతలతో సహా స్పష్టంగా. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఒక స్నేహితుడి దగ్గర పెయింటు మందం చూసే మీటరు ఉంటే తెచ్చి కొలిచాను. మైక్రాన్లలో: రూఫ్ 110, నాలుగు డోర్లూ 105 నుంచి 120, కుడి ఫెండర్ 115, బానెట్ 290, ఎడమ ఫెండర్ 150, ఎడమ ముందు పిల్లర్ (ముందు డోరుకి ముందుండే నిలువు స్తంభం) కింది భాగం 640.

డీలర్‌కి ఫోన్ చేస్తే ముందు “టచప్ ఏదో జరిగి ఉండొచ్చు, దాన్ని యాక్సిడెంట్ అనరు” అన్నారు. గట్టిగా అడిగితే “మా వర్క్‌షాప్‌కి తీసుకురండి, అలైన్‌మెంట్ అంతా ఫ్రీగా సరిచేసి ఇస్తాం” అన్నారు. ఇంకో మాట కూడా గుర్తుచేశారు, బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని నేను సంతకం పెట్టిన కాగితం వాళ్ల దగ్గర ఉందట. పెట్టాను, నిజమే.

నా ప్రశ్నలు: ఈ లెక్కలు నిజంగా ఏం చెప్తున్నాయి? పిల్లల్ని ఇందులో ఎక్కించవచ్చా? వాళ్ల వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాలా వద్దా? ఆ సంతకంతో నా పని అయిపోయినట్టేనా?

డెంటింగ్‌పని ఇచ్చిన జవాబు:

అన్నా, ఇరవై ఏళ్లుగా నేను చేసేది ఇదే పని, గుద్దిన బండ్లు లాగి నిలబెట్టడం. మీరు రాసిన అంకెలు చూస్తుంటే బండి నా ముందు ఉన్నట్టే ఉంది, అందుకని వివరంగా చెప్తాను.

కంపెనీ పెయింటు చాలా బండ్లకి 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ రూఫు, డోర్లు, కుడి ఫెండరు కంపెనీవే. బానెట్ 290 అంటే ఉన్న రంగు మీద ఇంకోసారి రంగు వేశారు, పుట్టీ పెద్దగా లేకపోవచ్చు. ఇప్పుడు ఎడమ ఫెండర్ 150 చూసి అది బాగానే ఉంది అనుకోకండి. అది బాగున్నందుకు కాదు, కొత్తది తెచ్చి బిగించినందుకు. కొత్త రేకు మీద ఒక్కసారే రంగు పడుతుంది కాబట్టి మీటరు దాన్ని పట్టుకోలేదు, మీ బోల్టులు పట్టించాయి. చాలామంది మీటరు ఒక్కటే చూసి మోసపోయేది ఇక్కడే.

అసలు విషయం ఆ 640. ఫెండరు, బానెట్, డోర్లు బోల్టులతో ఉంటాయి, విప్పి పారేసి కొత్తవి పెట్టొచ్చు, అవి మారితే నేను కంగారుపడను. పిల్లర్ అలా కాదు, అది బాడీలో భాగం, వెల్డింగ్‌తో కలిసి ఉంటుంది. దాని మీద 640 ఉందంటే కింద పుట్టీ ఉంది, పుట్టీ ఉందంటే అక్కడిదాకా దెబ్బ వచ్చి రేకు ముడత పడింది. ముందు నుంచి వచ్చిన దెబ్బ ఫెండర్ దాటి, ఏప్రన్ దాటి, పిల్లర్ దాకా వచ్చిందంటే పార్కింగ్‌లో ఏదో రాసుకుపోయిన దెబ్బ కాదన్నా అది.

క్యాంబర్ ఎందుకు రావడం లేదో చెప్తాను. చాలా కార్లలో ముందు షాక్ అబ్జార్బర్ పైకొస కూర్చునేది ఏప్రన్ మీదున్న టవర్‌లో. ఆ టవర్ కొన్ని మిల్లీమీటర్లు లోపలికో వెనక్కో జరిగితే చక్రం వంగి నిలబడుతుంది. అలైన్‌మెంట్ మెషిన్ ఎన్నిసార్లు తిప్పినా అది పోదు, ఎందుకంటే తప్పు చక్రంలో లేదు, చక్రం పట్టుకున్న గోడలో ఉంది. కొత్త టైర్లు ఎందుకు వేశారో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది, పాత టైరు అరిగిన తీరు చూస్తే తెలిసినవాడు అక్కడే పట్టేస్తాడు.

పిల్లల సంగతి. నా మాట వింటే తేలేదాకా ఎక్కించకండి. భయపెట్టాలని కాదు. ముందు భాగం దెబ్బ తగిలినప్పుడు ఒక పద్ధతిలో నలగాలి, అలా నలిగి దెబ్బ తీవ్రతను తాను మింగితేనే లోపలున్నవాళ్లకి తక్కువ చేరుతుంది. ఒకసారి నలిగి లాగిన రేకు రెండోసారి అలాగే నలుగుతుందన్న నమ్మకం లేదు. పైగా ఇప్పటి చాలా బండ్లలో పిల్లర్ల లోపల బోరాన్ స్టీలు, అంటే బోరాన్ కలిపి బాగా గట్టిపరిచిన ఉక్కు, వాడుతున్నారు. దాన్ని వేడి చేసి తిన్నగా చేస్తే గట్టిదనం పోతుంది, అందుకే కంపెనీలు దాన్ని కాల్చి లాగొద్దు, మార్చాల్సిందే అంటాయి. మీ బండిలో ఏం చేశారో పైనుంచి చూసి చెప్పలేం, పుట్టీ కింద గ్యాస్‌తో కాల్చారో, అసలు ముడతని ముడతగానే వదిలి మెత్తారో.

ఇంకో మూడు చూడండి, ఇవాళే చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వేరే లైటుతో కలిసి ఒకేసారి ఆరిపోయినా అనుమానించాల్సిందే, ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది పెట్టకుండా లైటు కనెక్షన్‌తో ఆటలాడేవాళ్లు ఉన్నారు. ముందు రెండు సీటు బెల్టులూ చివరిదాకా లాగండి, కింద కుట్టిన లేబుల్ మీద తేదీ ఉంటుంది, బండి తయారైన తేదీ కంటే చాలా తర్వాతిది అయితే బెల్టు మార్చారు. పాతదే అయితే గుడ్డ మీద, బకిల్ నాలుక మీద కరిగి రుద్దుకున్న మచ్చ ఉందేమో చూడండి, నిండా బరువు పడిన బెల్టుకి ఆ మచ్చ వస్తుంది. మూడోది హెడ్‌లైట్లు. రెండిటి వెనక స్టిక్కర్లు పోల్చండి, ఎడమది కొత్త తేదీతో ఉంటుందని నా అనుమానం.

ఆ వేలిముద్ర గురించి. కంపెనీలో సీలెంట్ ఎక్కువగా మెషిన్ పూస్తుంది. చేత్తో పూసే చోట్లు కొన్ని ఉంటాయి కానీ కుడికీ ఎడమకీ ఇంత తేడా రాదు. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి దాచుకోండి.

పాతపాఠం ఇచ్చిన జవాబు:

నీలిబండి గారూ, మూడేళ్ల కిందట నేను సరిగ్గా మీ స్థానంలోనే ఉన్నాను, నాది వెనకవైపు దెబ్బ, డిక్కీ ఫ్లోర్ మొత్తం కోసి అతికించిన బండి. పనితనం గురించి పై మిత్రుడు చెప్పింది చాలు, నేను కాగితాల సంగతి చెప్తాను. నేను చేసిన తప్పు కూడా చెప్తాను, మీరు చెయ్యకండి.

వాళ్ల వర్క్‌షాప్‌కి తీసుకెళ్లకండి. దయచేసి. నేను తీసుకెళ్లాను. మంచిగా మాట్లాడారు, మూడు రోజులు ఉంచుకున్నారు. బండి తిరిగొచ్చాక నేను ఫొటో తియ్యని చోటల్లా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంది. ఏ వెల్డింగ్ చూపించి నేను వాదించాలో ఆ వెల్డింగే కనపడకుండా పోయింది. తర్వాత ఇన్‌స్పెక్టర్‌ని తెచ్చుకుంటే, ఇప్పుడు కనిపిస్తున్న పనిలో ఎంత మీరు కొనకముందు జరిగింది, ఎంత తర్వాత జరిగింది అని ఆయన మొదటి ప్రశ్నే అది. నా దగ్గర జవాబు లేదు. ఫ్రీగా సరిచేస్తాం అన్న మాటకి నేను ఇచ్చిన ధర అది.

మీరు ముందు చెయ్యాల్సింది బండిని కదపకుండా పెట్టడం. రెండు కారణాలు. ఒకటి భద్రత, అది పైన చెప్పారు. రెండోది, లోపం తెలిశాక కూడా నెలల తరబడి మామూలుగా నడుపుతూ ఉంటే, తెలిసే ఒప్పుకుని వాడుకున్నారు కదా అని అవతలివాళ్లు వాదించడానికి మీరే దారి ఇచ్చినట్టు. ఈ రోజు ఓడోమీటర్ ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత ఆ ప్రకటన. ఇంకా కనిపిస్తుంటే ఈ నిమిషమే స్క్రీన్‌షాట్ తీయండి, పైన తేదీ కనపడేలా. నాది నేను ఫోన్ చేసిన మర్నాడే మాయమైంది. వాట్సాప్ మాటలు, రసీదులు, టెస్ట్ డ్రైవ్ రోజు తీసుకున్న ఫొటోలు, అన్నీ ఒకచోట పెట్టండి. ఫోన్లో మాట్లాడటం ఇక ఆపెయ్యండి. మాట్లాడాల్సి వచ్చినా, పెట్టేశాక “ఇప్పుడు మీరు ఫోన్లో టచప్ జరిగి ఉండొచ్చు అన్నారు, ఫ్రీగా సరిచేస్తామన్నారు” అని వాళ్లకే మెయిల్ పంపండి. కాదని వాళ్లు వెంటనే రాయకపోతే ఆ మెయిల్ మీకు పనికొస్తుంది.

డీలర్‌తో ఏ సంబంధమూ లేని మనిషితో తనిఖీ చేయించి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. నోటి మాట వద్దు. రిపోర్టులో మూడు సంగతులు ఉండాలని ముందే అడగండి: ఏమేం రిపేరు చేశారు, అది స్ట్రక్చర్‌కి (బాడీని నిలబెట్టే అసలు చట్రానికి) సంబంధించిందా కాదా, అమ్మకం తేదీకి ముందే జరిగిందని ఎలా చెప్పగలరు. మూడోది చాలామంది మరిచిపోతారు, అసలు గొడవంతా అక్కడే జరుగుతుంది. మీది ఏడు వారాలే కాబట్టి అతుకు లోపల పేరుకున్న దుమ్ము, తుప్పు మొదలైన తీరు మీ తరఫున మాట్లాడతాయి. వీలైతే అలైన్‌మెంట్ పెద్దాయన దగ్గర మెషిన్ ప్రింటు కూడా తీసుకోండి.

ఛాసిస్ నంబర్‌తో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో పాత చరిత్ర అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీని పాత క్లెయిమ్‌ల గురించి అడగండి. అందరూ ఇవ్వరు, కానీ అడిగితే పోయేదేం లేదు. నాకు క్లెయిమ్ దొరకలేదు, బయట చేయించి ఉంటారు. కానీ సర్వీస్ రికార్డులో ఐదు నెలల ఖాళీ కనిపించింది, అదీ నాకు పనికొచ్చింది.

ఇక సంతకం. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గరి వకీలుకో వినియోగదారుల సంస్థకో ఆ కాగితం చూపించండి. కానీ ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అంటే బండిలో ఎవరికీ తెలియని లోపం రేపు బయటపడితే నాది పూచీ కాదు అని. అడిగినప్పుడు అబద్ధం చెప్పి అమ్మడం వేరే సంగతి. మీరు అడిగారు, వాళ్లు లేదన్నారు, ప్రకటనలో రాశారు కూడా. మీ బలం అక్కడుంది. సంతకం పెట్టానని సిగ్గుపడి ఊరుకోవద్దు, నేను ఆ సిగ్గుతోనే నెల రోజులు పోగొట్టుకున్నాను.

ఒకప్పటిసేల్స్ ఇచ్చిన జవాబు:

నేను ఎనిమిదేళ్లు పాత కార్ల అమ్మకాల్లో పనిచేసి మానేశాను. అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తే మీకు ఉపయోగం అనిపించి రాస్తున్నాను.

ముందు ఒక మాట డీలర్ల తరఫున. రంగు వేసిన ప్రతి బండీ దాచిన బండి కాదు. బంపర్ గీసుకుంటే రంగు వేయిస్తారు, ఫెండర్ సొట్ట పడితే మారుస్తారు, నాలుగేళ్ల బండికి అది మామూలు. దానికి కూడా మోసం మోసం అని వచ్చేవాళ్లని రోజూ చూశాను. అందుకే మీరు రాసే ఉత్తరంలో బానెట్ సంగతి, రంగు సంగతి ముందు పెట్టకండి, వాళ్లు దాన్నే పట్టుకుని ‘టచప్’ అని మొత్తం తేలిక చేస్తారు. పిల్లర్, టవర్, క్యాంబర్. ఈ మూడే రాయండి.

వాళ్లకి తెలియదు అంటే మాత్రం నేను నమ్మను. నేను పనిచేసిన చోట బండి కొనే ముందు మీటరు పెట్టి ప్రతి ప్యానెల్ కొలిచేవాళ్లం, ఎందుకంటే ఆ లెక్క చూపించే పాత ఓనరుకి రేటు తగ్గించేవాళ్లం. ఆ షీటు ఫైల్లో ఉంటుంది. కొనేటప్పుడు దెబ్బ కనిపిస్తుంది, అమ్మేటప్పుడు కనిపించదు. నేను మానెయ్యడానికి ఇదొక కారణం. కాబట్టి ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి: ‘ఈ వాహనాన్ని మీరు కొన్నప్పుడు చేసిన తనిఖీ షీటు కాపీ ఇవ్వగలరు.’ ఇస్తే అందులో నిజం ఉంటుంది. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రేపు ఎవరైనా అడుగుతారు, ఆ సంగతి వాళ్లకి తెలుసు. నా అనుభవంలో ఈ ఒక్క వాక్యంతో ఫైలు సేల్స్ టేబుల్ మీది నుంచి యజమాని టేబుల్ మీదికి వెళ్తుంది.

కొంత డబ్బు వెనక్కి ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. ఆ రోజే పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని చదవండి.

నీలిబండి (మూడు వారాల తర్వాత):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఏమైందో చెప్పాలి కదా.

మీరు చెప్పినవన్నీ ఆ రాత్రే చూశాను. ఎడమ హెడ్‌లైట్ స్టిక్కర్ మీద తేదీ కుడిదాని కంటే రెండేళ్లు కొత్తది. డ్రైవర్ బెల్టు కూడా ఆ సంవత్సరానిదే. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం సరిగ్గానే వెలిగి ఆరుతోంది, ఆ ఒక్కటి చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తనిఖీ చేసినాయన బండిని లిఫ్టు మీద పెట్టి, రెండు టవర్లకీ బాడీలో స్థిరంగా ఉండే పాయింట్లకీ మధ్య ఐమూలగా కొలిచాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొలిస్తే రెండూ సమానంగా రావాలట, మూడు మిల్లీమీటర్ల తేడా దాకా సర్దుకోవచ్చట. నా బండికి పదకొండు వచ్చింది. ఏప్రన్ మీద కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు కుడివైపు వరసగా, ఒకే దూరంలో ఉన్నాయి. ఎడమవైపు ఆ చుక్కలే లేవు, గ్రైండర్‌తో అరగదీసిన గీతలున్నాయి. వాటి మీద రంగు, రంగు మీద ఆ సీలెంటు. అన్నీ ఫొటోలతో రిపోర్టులో రాసిచ్చాడు, సీలెంటు పైన పేరుకున్న రోడ్డు మట్టి, బోల్టుల మీది తుప్పు చూపించి ఇది నేను కొనకముందు పనే అని కూడా రాశాడు.

ఉత్తరం ఒకప్పటిసేల్స్ గారు చెప్పినట్టే రాశాను, మూడే విషయాలు, చివర్లో తనిఖీ షీటు అడిగాను. పది రోజులు గడువిచ్చాను. తొమ్మిదో రోజు యజమానే ఫోన్ చేశాడు. ముందు కొంత డబ్బు ఇస్తామన్నారు, వద్దన్నాను. నాకు ఈ బండి చవగ్గా అక్కర్లేదు, ఇందులో నా పిల్లల్ని కూర్చోబెట్టను అని చెప్పాను. చివరికి బండి వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వడానికి మెయిల్లో ఒప్పుకున్నారు. వచ్చే శుక్రవారం. తనిఖీకి నాకైన ఖర్చు మాత్రం ఇవ్వరట, దాని గురించి ఇంకా మాట్లాడుతున్నాను.

ఒక్కటే మనసులో పీకుతోంది. తిరిగిచ్చే కాగితంలో కారణం రాయమంటే రాయనంటున్నారు. ‘ఇరుపక్షాల అంగీకారంతో’ అని మాత్రమే పెడతారట. అంటే ఈ బండి మళ్లీ కొత్త టైర్లతో ఇంకొకరి ఇంటికి వెళ్తుంది కదా?

డెంటింగ్‌పని:

వెళ్తుంది అన్నా. శుక్రవారం లోపు ఒక పని చేయండి. బండిని జాగ్రత్తగా, లాగించుకుని అయినా సరే, కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి డబ్బు కట్టి బాడీ తనిఖీ చేయించండి. మామూలుగా వాళ్లు చూసింది ఛాసిస్ నంబర్ మీద కంప్యూటర్లో ఎక్కుతుంది. స్ట్రక్చర్ తేడా ఉందన్న మాట జాబ్‌కార్డులో (వాళ్లు చేసిన పని రాసే కాగితంలో) రాయమని దగ్గరుండి అడగండి, కాపీ తీసుకోండి. తర్వాత కొనేవాడు చరిత్ర అడిగితే వాడికి దొరుకుతుంది.

నీలిబండి:

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. లాగే బండికి ఇప్పుడే ఫోన్ చేశాను.